క్రొత్త పనిముట్టునకు పూచీ యెవరిది?

వానకాలపు పెట్టుబడికి అప్పు కావలెనని వచ్చిన రైతునకు సంఘము తలుపు తెరచియే యుండును. విత్తనములకు, ఎరువులకు, ఎడ్లకు, మోటారునకు ఏ పద్దు క్రింద ఎంత యీయవచ్చునో నిబంధనలు కలవు. కాని యొక చేతిపనివాడు వచ్చి, "నా పనిముట్టు బాగుగా లేదు, దీనిని మార్చి చూచెదను, ఆరు మాసములు పట్టునో ఆరేండ్లు పట్టునో తెలియదు, తుదకు ఫలించునో లేదో చెప్పజాలను" అని నిలిచినయెడల వానికి ఏ పద్దు క్రింద అప్పీయవలెను? పరపతి సంఘముల పద్దుపుస్తకములలో సాధారణముగా అట్టి గడి కానరాదు. ఆ గడి యుండవలెనా వలదా యన్నదే యీ నెల మా విచారణ. ఉండవలెననియే మా అభిప్రాయము. అందులకు కారణములను సభ్యుల యెదుట పెట్టుచున్నాము.

ఇది సేద్యగాండ్ర పత్రిక, చేతిపనివారి సంగతి మనకేల యని కొందరు చదువరులు శంకింపవచ్చును. నాగలి, గుంటుక, గొర్రు ఇవి యేవియు పొలములో మొలచినవి కావు. నల్లరేగడికి ఒక తీరున, చల్కకు మరియొక తీరున నాగలి చెక్కినవాడు వడ్లవాడు. దాని కర్రు సాగగొట్టినవాడు కమ్మరి. జడ్డిగములో పోసిన గింజ గొట్టముల గుండ దిగి సాలులో సమమైన యెడముతో పడునట్లు గొర్రును కల్పించినవారి పేళ్లు ఏ గ్రంథమునను లేవు. కాని ఆ కల్పన ఫలమును రైతు తరతరములుగా అనుభవించెను. పూర్వము మన పల్లెలలో పంట కల్లములో నున్నపుడే వడ్లవానికిని కమ్మరికిని మేర కొలుచు ఆచారముండెను. ఆ మేర కూలి మాత్రమే కాదు. పనివానికి ఏడాది పొడవున తిండికి భరవసా. పనిముట్టు కుదరనియెడల మరల చెక్కి యిచ్చుటకు వానికి తీరికయు, మరల చెక్కుమని యడుగుటకు రైతునకు హక్కును దానివలన కలిగెను. తరువాత ట్రాక్టరులు వచ్చినవి, మేర పోయినది. ట్రాక్టరు రావలసినదే, దానిని గూర్చి మాకు విచారము లేదు. కాని మేరతో కూడ, పనిముట్టును మార్చి చూచుటకు ఊరు వహించిన పూచీయు పోయినది. దాని స్థానమున మరియొకటి రాలేదు.

పూచీ లేని కల్పన యెట్లుండునో తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. మన గంగారమునకు పడమట, జనగామ దాటిన పిమ్మట, సికిందరాబాదు పోవు రైలుదారిలో ఆలేరు కలదు. ఆ మండలములోని శారాజీపేట నేతపని పల్లె. అచటి చింతకింది మల్లేశము కథ పలువురు వినియే యుందురు. 2019లో అది చలనచిత్రముగా గూడ వచ్చినది. ఐనను మన ప్రయోజనమునకై దానిని మరల చెప్పుకొనవలసియున్నది.

పోచంపల్లి తరహా చీరలలో నేసిన పిదప రంగు వేయుట లేదు. నూలునకు ముందుగా చిటికి కట్టి, అద్దకము చేసి, ఆ పిమ్మట మగ్గమున కెక్కింతురు. బొమ్మ నూలులోనే యున్నది. నేయునపుడు అది చీరపై విప్పుకొనును. అందువలన పేక నూలును చిటికి కట్టుటకు ముందే చీర లెక్కకు సరిపోవునట్లు వరుసగా పేర్చుకొనవలెను. ఒక ప్రక్క ఒక మేకు; దాని కెదురుగా, సుమారు గజము దూరమున, అర్ధచంద్రాకారముగా నమర్చిన మేకుల వరుస. నూలుపోగును చేతితో అటునుండి యిటు, ఇటునుండి యటు త్రిప్పుచు ఆ మేకులకు చుట్టవలెను. దీనినే ఆసు పోయుట యందురు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు తిరుగవలెను. నాలుగైదు గంటలు పట్టును. దినమునకు రెండు చీరలకు మించి సాగదు. నడుమ లెక్క తప్పినచో బొమ్మ చెడును. ఈ పని చేయువారు ఇంటి ఆడువారు. భుజము, మోచేయి, కన్ను ఈ మూడును అరుగు పని యిది. నిలుకడలేక తిరుగువానిని "ఆసులో కండె" యని లోకము పరిహసించును. ఆసు యెదుట కూర్చున్న యిల్లాలు కూర్చున్నచోటు కదలకయే దినమున కోసుల దూరము చేయి నడిపించుచున్న సంగతిని మాత్రము ఆ లోకము చూడలేదు.

మల్లేశము ఆరవ తరగతితో బడి మానిన వాడు. తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి భుజము నొప్పితో బాధపడుట చూచి, ఆ చేతి కదలికను యంత్రముచేత చేయింపవలెనని తలపెట్టెను. 1992లో మొదలుపెట్టిన యత్నము 1999లోగాని ఫలింపలేదు. ఏడేండ్లు పట్టెను. చదివిన యంత్రశాస్త్రము లేదు. కొయ్యతో చేసెను, చెడిపోయెను, మరల చేసెను. అప్పులు పెరిగెను. ఊరివారు నవ్విరి. నేత విడిచి వెర్రిపని పట్టెనని అయినవారే బెంగపడిరి. తుదకు హైదరాబాదు చేరి విద్యుత్తు పనులలో కూలిచేయుచు, కూలిడబ్బులలో మిగిలినదానితో యంత్రభాగములు కొనెను. ఒక కర్మాగారములో వేరొక యంత్రము కదలు తీరును చూచినపుడు, తన యంత్రమున విడివడక నిలిచిన చివరి చిక్కు విడిపోయెను. ఆ యంత్రమునకు తల్లి పేరిట లక్ష్మీ ఆసు యంత్రమని పేరిడెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. దినమునకు రెండు చీరలకు బదులు ఆరింటికి ఆసు సాగినది. 2017లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించెను.

కథ యింతటితో ముగించి చప్పట్లు కొట్టుట సులభము. కాని సహకారసంఘ సభ్యులు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మా కోరిక.

మొదటిది: తరతరములుగా పోసిన ఆసును అంతవరకు ఎవ్వరును ఏల మార్చలేదు? నేతగాండ్రకు బుద్ధి లేకనా? కాదు. నూలునకు లెక్కింపరాని బొమ్మలను కట్టగల బుద్ధికి ఒక కీలు కల్పించుట అసాధ్యము కాదు. ఆసునకు ప్రత్యేకముగా కూలి లేకుండుటయే ముఖ్య కారణమని మేము తలచుచున్నాము. చీరకు ముట్టిన కూలి మగ్గము మీది వాని పేర పడును. ఇల్లాలి యైదు గంటలు ఏ పద్దులోను పడవు. వెల లేని శ్రమను తగ్గించుటకు వెలపెట్టువా డెవడు? 2019-20 సంవత్సరపు జాతీయ చేనేత గణనములో దేశమున 35 లక్షలకు మించిన చేనేత పనివారు లెక్కకు వచ్చిరి. వారిలో నూటికి సుమారు 72 మంది స్త్రీలు. కావున క్రొత్త కల్పన కావలసిన చోటు తెలియవలెనన్నచో ముందు స్త్రీల శ్రమను పద్దు వ్రాయవలెను. మన సేద్యములోను ఇదియే న్యాయము. నాట్లు, కలుపు, మిరపకాయ కోత, పత్తి తీత ఈ పనులన్నియు వంగిన నడుములతో ఎవరు చేయుచున్నారో రైతు లెరుగుదురు. పనిముట్ల మార్పు దుక్కికి వచ్చినంత త్వరగా కలుపునకును కోతకును రాకపోవుటకు కారణము మట్టిలో లేదు, మన లెక్కలలో నున్నది.

రెండవది: ఏడేండ్ల పూచీని ఒక్క కుటుంబమే ఏల మోయవలెను? యంత్రము ఫలించినది గనుక ఆ పేరు నేడు మన కందరికి తెలియును. నాలుగవ యేట చేతిలో డబ్బు చాలక మానివేసి యున్నయెడల ఏమగును? అప్పు మిగులును, పరిహాసము మిగులును, పెంకుటింటి చూరు క్రింద సగము చేసిన యంత్రము తుప్పుపట్టుచుండును. అట్టి సగము యంత్రములు మన పల్లెలలో లేవని యెవరు చెప్పగలరు? ఫలించిన కల్పన లాభము ఊరందరిది. ఫలింపనిదాని నష్టము ఒక్కనిది. ఇది న్యాయము కాదు. న్యాయము కాకపోవుట యటుంచి, లాభసాటియు కాదు. ఇట్టి స్థితిలో మిక్కిలి మొండివాడు తప్ప మరియెవ్వడును క్రొత్తదానికి చేయి చాపడు.

మూడవది: యంత్రము వచ్చిన కూలిపోవునా? ఈ భయము నిరాధారము కాదు. మరమగ్గము వచ్చి చేమగ్గములను ఎట్లు మూలకు నెట్టెనో మన యెరుకలోని సంగతియే. కాని యంత్రములన్నియు ఒక జాతివి కావు. ఈ భేదమును మహాత్మాగాంధీగారు 1924లోనే చెప్పిరి. యంత్రమును గూర్చి యొక యువకుడు ప్రశ్నింపగా, తాము యంత్రమునకు విరోధులము కామనియు, యంత్రవ్యామోహమునకు మాత్రమే విరోధులమనియు తెల్పి, సింగరు కుట్టుమిషనును మినహాయింపుగా చూపిరి. భార్య చేతికుట్టుతో బాధపడుట చూచి, ఆమెపై ప్రేమతో సింగరు దానిని చేసెనని వారి వాక్యతాత్పర్యము. ఆలేరు ప్రాంతపు కొడుకు తల్లికై చేసిన యంత్రమును వారు చూచియున్నయెడల ఏమనెడివారో ఊహించుట కష్టము కాదు.

గాంధీగారి కాలముననే మరియొక సంగతి జరిగెను. అది మనకు మరింత పనికివచ్చును. 1929లో అఖిల భారత చరఖా సంఘము మేలైన రాట్నమును కల్పించినవారికి ఒక లక్ష రూపాయల బహుమానము ప్రకటించెను. ఆ కాలపు లక్ష! దానికి వారు పెట్టిన నియమములు గమనింపదగినవి. రాట్నము తేలికగా నుండి చేతితోగాని కాలితోగాని పల్లెలోని గుడిసెలో త్రిప్పుటకు వీలు కావలెను. ఒక స్త్రీ మిక్కిలి అలయక యెనిమిది గంటలు పని చేయగలుగవలెను. ఆ యెనిమిది గంటలలో 16,000 అడుగుల నూలు రావలెను. వెల 150 రూపాయలు మించరాదు. ఇరువదియేండ్లు మన్నవలెను, మరమ్మతు వ్యయము స్వల్పముగా నుండవలెను. ఆ బహుమానము నెవ్వరును గెలువలేదు. కాని ఆ నియమములు చూపిన త్రోవ వ్యర్థము కాలేదు. తరువాతి కాలమున తమిళనాటి ఏకాంబరనాథన్ అంబరు చరఖాను కల్పించెను; 1950వ దశకమున ఖాదీ సంస్థలు దానిని దేశమంతట వ్యాపింపజేసెను.

ఆ నియమములలో మన విచారణకు కావలసిన కొలబద్ద యున్నది. వాడువా రెవరు? వారి శరీరమునకు సుఖమా? వారు కొనగలరా? వారి యూరిలోనే బాగుచేయవచ్చునా? ఈ నాలుగింటికి ఔనన్న యంత్రము చేతిపనిని నిలుపును. కాదన్న యంత్రము దానిని పరుల చేతులలో పెట్టును. ఆసు యంత్రము మొదటి జాతిది. అది బొమ్మ కట్టు విద్యను తీసికొనలేదు, నేయు విద్యను తీసికొనలేదు. విద్య లేని నొప్పిని మాత్రము తీసికొన్నది. ఒక యింట నుండి యిరుగుపొరుగు మగ్గములకు గూడ ఆసు పోసి కూలి పుచ్చుకొనుటకు వీలుపడినది. అనగా లెక్కలో లేని శ్రమకు వెల కట్టబడినది.

క్రొత్త కల్పన యనగా యంత్రమని మాత్రమే తలపరాదు. వస్తువు మార్చుట, సరకు మార్చుట, పద్ధతి మార్చుట ఇవియు కల్పనలే. ఆలేరునకును జనగామకును నడుమ పెంబర్తి కలదు. అచటి విశ్వకర్మలు ఇత్తడి, రాగి రేకులను సుత్తితో కొట్టి బొమ్మలు తేల్చువారు. దేవాలయముల వాహనములకు తొడుగులు, కలశములు చేసిన చేతులవి. నిజాము కాలమున పాందానులకును అత్తరుబుడ్లకును గిరాకి కలుగగా వానిని చేసిరి. ఆ కొలువులు పోయినపిమ్మట గోడపలకలను, సన్మానసభలలో నిచ్చు జ్ఞాపికలను చేసి నిలిచిరి. చేర్యాల నకాషీ చిత్రకారుల సంగతియు నిట్టిదే. కథలు చెప్పువారికై గజములకొలది పొడవున చిత్రించిన పటములకు అడుగువారు తగ్గగా, ఒక్కొక ఘట్టమును చిన్న పటముగా వ్రాసి యిండ్ల గోడలకు పంపిరి. విద్య అదియే, కొనువాడు మారెను. పోచంపల్లిలో నూలు మాత్రమే నేసినవారు 1970 ప్రాంతమున ఇద్దరు యువకులను కాశికి పంపి పట్టునేత నేర్పించుకొనిరి. నేడు ఆ యూరి పేరు చెప్పగనే పట్టుచీర గుర్తు వచ్చుచున్నది. పుట్టపాక తేలియా రుమాలులో నూలును మెత్తపరచుటకు నూనెతో పాటు ఆముదపు కాయల బూడిదను వాడుదురు. రైతు పారవేసిన పొట్టు అచట రంగునకు పట్టు నిచ్చుచున్నది. అంతయేల, చిటికి కట్టుటకు సైకిలు ట్యూబులను సన్నగా చీల్చి ఆ రబ్బరును వాడవచ్చునని కనిపెట్టిన పుణ్యాత్ముని పేరు ఎవరికి తెలియును? కల్పన నిత్యము జరుగుచునే యున్నది. దానికి దిక్కు లేకుండుటయే లోపము.

దిక్కు లేనివాని కల్పనను దోచుట సులభమని గూడ చెప్పవలెను. నెలల తరబడి చిటికి కట్టి నేసిన బొమ్మను మిల్లు గుడ్డపై అచ్చువేసి నాలుగవ వంతు వెలకు అమ్మువారు కలరు. భౌగోళిక గుర్తింపు చట్టము 1999లో వచ్చెను. పోచంపల్లి ఇకత్తు, పెంబర్తి ఇత్తడిపని, చేర్యాల చిత్రములు, వరంగల్లు జంపఖానాలు ఆ గుర్తింపు పొందినవి. ఇది మంచిదే. కాని గుర్తింపు పత్రము గోడకు వ్రేలాడినంతమాత్రమున దొంగ అచ్చు ఆగదు. న్యాయస్థానము తలుపు తట్టుటకు, కొనువారికి అసలునకు నకిలీకి గల భేదము తెల్పుటకు, సరకుపై గుర్తు వేయుటకు ఒక బలమైన సంఘము వెనుక నుండవలెను. ఒంటరి నేతగానికి హక్కు ఉన్నను కాలును చేయియు లేవు.

పత్తి రైతులు గమనింపదగినది మరియొకటి కలదు. వరంగల్లు చుట్టుప్రక్కల పండిన పత్తి జిన్నింగు మిల్లులో గింజ తీయబడి, బలమైన ఒత్తిడితో బేళ్లుగా బిగింపబడి, దూరపు స్పిన్నింగు మిల్లునకు పోవును. అచట ఆ బిగువును మరల యంత్రములతో విడదీయుదురు. బిగించుటకు ఖర్చు, విడదీయుటకు ఖర్చు. నడుమ పీచునకు దెబ్బ. చేనువద్దనే మగ్గమున్నపుడు ఈ బిగింపు దేనికి? ఈ ప్రశ్నను వేసికొన్నవారు ఈ శతాబ్దపు తొలి దశాబ్దమున మల్ఖా యను పేర, బేళ్లు కట్టకయే దూదిని చిన్న యంత్రములతో నూలుగా మార్చి ఆ నూలును చేనేతకు అందించు పద్ధతిని తెలుగు దేశమున ఆరంభించిరి. అది విస్తారమైన పరిశ్రమగా పెరుగలేదు. నడుపుటలో కష్టములు కలవు. కాని యది మనకు ఒక సంగతి చూపినది. రైతును నేతగానిని వేరుచేసినది దూరము కాదు, నడుమ పెట్టిన పద్ధతి. పద్ధతి మనుష్యులు కల్పించినదే గనుక మనుష్యులు మార్చవచ్చును.

ఇక సహకారోద్యమము మాట. ఇంగ్లండులోని రోచ్‌డేలు పట్టణమున 1844 సంవత్సరము డిసెంబరు 21వ తేదిన కొందరు పేదలు చిన్న అంగడి తెరచిరి. సంఘము స్థాపించినవారు 28 మందియని ప్రసిద్ధి. వాటాధనము 28 పౌనులు. వారిలో పలువురు ఉన్నిగుడ్డ నేయు నేతగాండ్రు. యంత్రములవలన కూలి తగ్గి, అంగడివాని కల్తీసరకుతో నష్టపడినవారు. పిండి, వెన్న, పంచదార, అటుకులవంటి ఓటుధాన్యము, ఇట్టివే వారి సరకు. కాని ఒక్క సభ్యునకు ఒక్క వోటు, లాభమును కొనుగోలు ననుసరించి పంచుట యను వారి నియమములే నేడు లోకమందలి సహకార సంఘములకు పునాదులు. ఆలోచింపుడు! సహకార సంఘ మనునదియే కష్టములోనున్న చేతిపనివారి కల్పన. ఆ కల్పన ఫలము తినుచున్న మనము మరియొక చేతిపనివాని కల్పనకు పైకము లేదనుట తగునా?

మన దేశమున 1904 చట్టము అప్పులిచ్చు సంఘములకు మాత్రమే తావిచ్చెను. ఎనిమిదేండ్లలోనే అది చాలదని తేలి, 1912 చట్టము అమ్మకము, కొనుగోలు, ఉత్పత్తి సంఘములకును ద్వారము తెరచెను. ఆ 1912 చట్టములోనే నికరలాభమున నాలుగవ వంతు నిల్వధనమునకు చేర్చిన పిమ్మట, మిగిలినదానిలో పదవ వంతు మించకుండ ధర్మకార్యములకు వెచ్చింపవచ్చునను వీలు కల్పింపబడెను. చట్టములు తరువాత మారినవి. 1995లో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చి సభ్యులకు స్వేచ్ఛ పెంచెను. కాని నిల్వధనము రేపటి యాపదకు, కొంత సొమ్ము లోకహితమునకు అను మూలసూత్రము నాటినుండి యున్నదే. మేము కోరునది ఈ సూత్రమునకు విరుద్ధమైనది కాదు.

సంఘము అప్పులతో ఆగనక్కరలేదని చూపుటకు ముల్కనూరు చాలును. 1956లో ఎ. కె. విశ్వనాథరెడ్డిగారి నాయకత్వమున ఆరంభమైన ఆ సంఘము అప్పులిచ్చుటతో నిలువక, సభ్యుల ధాన్యమునకు బియ్యపు మిల్లు, పత్తికి జిన్నింగు మిల్లు, విత్తనోత్పత్తి, విక్రయము ఒక్కొకటిగా చేపట్టెను. ఆ ప్రాంతపు స్త్రీలు తరువాత పాలసంఘమును స్వయముగా నడుపుచున్నారు. ఆ పనులలో ప్రతిదియు ఆరంభమున ప్రయోగమే. జంకినయెడల అవి యేవియు ఉండెడివి కావు.

సభ్యుల సొమ్ముతో జూదమాడుట తగునా యని పెద్దలు అడుగుదురు. వారి జాగ్రత్త మెచ్చదగినది. అప్పు వేరు, ప్రయోగధనము వేరు. రెంటిని కలిపినచో సంఘము చెడును. పరపతి సొమ్మును గాని డిపాజిట్లను గాని ప్రయోగములకు తాకనే రాదు. కావున మా సూచనలు హద్దులతో కూడినవి.

మొదటి సూచన: నికరలాభమున చట్టమును సంఘ నిబంధనావళియు అనుమతించినంత మేర కొద్ది భాగమును మహాజనసభ యేటేట తీర్మానించి ప్రయోగనిధిగా వేరుచేయవలెను. ఆ నిధి అయిపోయినచో ఆ యేటికి ప్రయోగములు అయిపోయినట్లే. దానికి మించి ఒక్క రూపాయియు పోరాదు.

రెండవది: క్రొత్త పనిముట్టును ముందు రెండు మూడు యిండ్లలో, రెండు కాలములు పరీక్షింపవలెను. బాగున్నదో లేదో చెప్పవలసినవారు దానిని చేతపట్టి పనిచేయువారు. అది స్త్రీలు చేయు పనియైనచో తీర్పు స్త్రీలదే. అధ్యక్షునిది కాదు, కార్యదర్శిది కాదు.

మూడవది: ఫలించినను ఫలింపకున్నను, ఏమి చేసిరో ఎక్కడ చెడెనో ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. చెడిన ప్రయోగము వ్రాసి యుంచినచో రెండవవాని యేడేండ్లు మూడేండ్లగును. వ్రాయనిచో ప్రతివాడును మొదటినుండి మొదలుపెట్టవలసినదే.

నాలుగవది: సంఘము కొని యద్దెకిచ్చు ఏ యంత్రమునైనను ఊరిలోని కమ్మరిగాని విద్యుత్తు పనివాడుగాని బాగుచేయగలుగవలెను. పట్టణమునుండి మనిషి వచ్చువరకు మూలబడు యంత్రము పల్లెకు పనికిరాదు.

ఐదవది: కల్పన చేసినవాని పేరు, హక్కు వానివే. సంఘము సహాయము చేసెనని వాని బుద్ధిని సొంతము చేసికొనరాదు. లాభము వచ్చిన యెడల నిధికి తిరిగి చెల్లింపవలెను. రానియెడల ఆ సొమ్ము నష్టపద్దులో వ్రాసి, వానిని ఋణగ్రస్తునిగా చూడరాదు.

మన గంగారం వంటి అడవియంచు పల్లెలలో దీనికి పనిలేదని తలచుట పొరపాటు. వెదురుతో తట్టలు, చాటలు, గాదెలు అల్లువారు మనలో కలరు. విస్తరాకులు కుట్టువారు, ఇప్పపూవు ఏరి ఆరబెట్టువారు, మిరప కల్లములలో తాలుకాయ యేరువారు కలరు. వెదురు చీల్చు కత్తి చేతిని కోయకుండ నుండుటకు ఉపాయ మేమి? అకాల వర్షము తడుపకుండ మిరపకాయ నారబెట్టుటకు తక్కువ వెలలో నేమి చేయవచ్చును? వెదురు తట్టకు బదులు పట్టణములో నెవరు ఏ వస్తువు నడుగుచున్నారు? వీనికి జవాబులు పట్టణపు ప్రయోగశాలలకంటె ముందు మన యిండ్లలోనే తోచును. గ్రామీణులు కనిపెట్టినవానిని గుర్తించుటకు 2000లో జాతీయ నవకల్పనల ప్రతిష్ఠానము ఏర్పడినది. మన రాష్ట్రమున 2019 నుండి ఇంటింటా ఇన్నోవేటర్ కార్యక్రమమును నడిపిరి. ఇవి ఫలించినదానిని మెచ్చుటకు ఉపయోగపడును. ఫలించువరకు అన్నము పెట్టవలసినది మాత్రము ఊరును, ఊరి సంఘమును.

వచ్చు మహాజనసభలో అప్పుల పద్దు, ఎరువుల పద్దు చదువబడును. ఆ పద్దుల నడుమ ప్రయోగనిధి యను గడి యొకటి చేర్పవలెనని సభ్యులలో నెవరైనను లేచి తీర్మానము ప్రతిపాదింపవలెనని కోరుచున్నాము. మొత్తము చిన్నదైనను చింతలేదు. గడి యుండిన యెడల అడుగువారు వత్తురు; గడి లేనియెడల ఏమి అడుగవలెనో కూడ వారికి తోచదు.